వంతులకు తిరిగిన రాజు

(పావగడలో చేసిన బళ్లారి రాఘవ స్మారకోపన్యాస పాఠం)

రాఘవగారి పేరు మీద మాట్లాడమంటే, ఆయన వేసిన వేషాలన్నీ వరసగా చెప్పి, పటానికి దండ వేసి దిగిపోవడం సులువు. 1880లో తాడిపత్రిలో పుట్టి, బళ్లారిలో వకీలుగా పేరు తెచ్చుకుని, తెలుగు, కన్నడం, హిందీ, ఇంగ్లీషు భాషల్లో రంగమెక్కి, 1946లో కన్నుమూసిన ఆయన షేక్స్‌పియర్ పాత్రలైన షైలాక్‌నీ ఒథెల్లోనీ ఎందుకంత ఇష్టంగా పట్టుకున్నారన్నది నా ప్రశ్న. దాన్నే ఇంకోలా అడగవచ్చు. నాలుగు వందల ఏళ్ల కిందట లండన్‌లో ఆడిన నాటకాలు, పావగడ తాలూకాలో పొద్దున పాలు పోసి, బస్సెక్కి పనికి పోయి, రాత్రి ఫోను చూసుకుంటూ నిద్రపోయే మనిషికి దేనికి పనికొస్తాయి? నా జవాబు ముందే చెప్పేసి, దాన్ని నిలబెట్టుకోవడానికి ప్రయత్నిస్తాను. ఆ నాటకాలు వినడానికి రాసినవి. మనకు అవి పాఠంగా వచ్చినప్పుడు పరాయివయ్యాయి, ఆటగా వచ్చిన చోటల్లా మనవయ్యాయి. పద్యనాటకమూ తోలుబొమ్మలాటా విని పెరిగిన ఊళ్లకు వాటిని వినే చెవి ఇదివరకే ఉంది. అర్థతాత్పర్యాల గైడు ముందు పెట్టుకుని కూర్చున్న విద్యార్థి కన్నా ఆ చెవే లండన్ ప్రేక్షకుడికి దగ్గరది.

వీటిని ఎలిజబెత్ కాలపు నాటకాలంటున్నాను, ఆ పేరు గురించి ఒక మాట. ఎలిజబెత్ రాణి 1558 నుంచి 1603 దాకా ఏలింది. ఆమె కాలంలోనే, 1576లో, లండన్ నగరం హద్దుకు బయట జేమ్స్ బర్బేజ్ నాటకశాల కట్టాడు. కిడ్, మార్లో, బెన్ జాన్సన్, షేక్స్‌పియర్ ఆ గాలిలో పైకొచ్చినవాళ్లే. ఒథెల్లో, లియర్, మెక్‌బెత్ మాత్రం రాణి పోయాక జేమ్స్ రాజు కాలంలో వచ్చాయి. పండితులు వాటిని వేరే గంపలో వేస్తారు. ఆడిన బృందం అదే, రంగస్థలం అదే, కింద నిలబడి చూసిన జనం వాళ్లే కనుక నేను అన్నిటినీ ఒక్క పేరుతోనే పిలుస్తాను. ఈ చనువుకు పండితులు క్షమించాలి.

ఆ జనం ఎలా చూసేవాళ్లో తెలిస్తే సగం బెరుకు పోతుంది. 1599లో లేచిన గ్లోబ్ నాటకశాలలో సుమారు మూడు వేల మంది పట్టేవాళ్లు. ఒక్క పెన్నీ ఇస్తే వేదిక ముందు ఆరుబయట నిలబడి చూడవచ్చు. ఆట మధ్యాహ్నం, పగటి వెలుతురులో. ముందు తెర లేదు, సీనరీ పెద్దగా లేదు, ఆడవేషాలు కుర్రవాళ్లు కట్టేవాళ్లు. మిట్టమధ్యాహ్నం నడినెత్తిన ఎండ ఉండగా, ఇది నడిరాత్రి, చీకట్లో కన్ను పొడుచుకున్నా కానరాదు అని నటుడు నమ్మించాలి. అందుకు అతని దగ్గర ఉన్న సరుకు మాట ఒక్కటే. అడవీ, తుపానూ, కోటగోడా అన్నీ చెవి గుండానే కంటికి కనిపించాలి. మన బయలాటలోనూ, పెట్రోమాక్స్ వెలుతుర్లో ఆడిన కురుక్షేత్రంలోనూ పని చేసింది ఈ పద్ధతే. స్థానం నరసింహారావుగారు సత్యభామగా రంగం మీదికి వచ్చినప్పుడు ఆ వేషం వెనక మగవాడున్నాడని జనం గుర్తుపెట్టుకోలేదు. పోలికలు చూపించి మురిసిపోవడం నా పని కాదు. మాట మీద అంత భారం మోపిన నాటకాన్ని మాట వినడం అలవాటున్నవాళ్లే సుఖంగా అందుకుంటారని మాత్రమే చెబుతున్నాను.

ఒక్క చోటు చూద్దాం. మెక్‌బెత్ రాజును చంపి వచ్చాడు. చేతి నెత్తురు కడిగితే పోదు సరికదా, ఆ చెయ్యే సముద్రాలన్నిటినీ ఎర్రగా మారుస్తుందంటాడు. ఆ మాటను ముందు నోరు తిరగని రెండు పెద్ద లాటిన్ పదాలతో అంటాడు. వెంటనే అదే సంగతిని చిన్న చిన్న ఇంగ్లీషు మాటల్లో మళ్లీ చెబుతాడు. కుర్చీల్లో కూర్చున్న చదువుకున్నవాడికి మొదటిది, కింద నిలబడ్డవాడికి రెండోది. ఇద్దరికీ రెండూ వినిపించాయి కనుక ఘోషా అర్థమూ ఇద్దరికీ అందాయి. మన పద్యనాటక కవికి ఈ కిటుకు బాగా తెలుసు. సీసపద్యం మొదట్లో సంస్కృత సమాసం ఉరుముతుంది, ఎత్తుగీతిలో తెలుగు మాట చేతికి దొరుకుతుంది. ఇక పావగడ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం, ఫోనులో ఇంగ్లీషు ముక్కలు. ఒకే సంగతిని రెండు భాషల్లో రెండుసార్లు చెప్పడం ఇక్కడ రోజువారీ బతుకు. అన్ని మాటలూ తెలియకపోయినా వింటూ పోవడం, తెలియనిదాన్ని పక్కమాటతో పూడ్చుకోవడం ఇక్కడివాళ్లకు చిన్నప్పుడే పట్టుబడే విద్య.

తోలుబొమ్మలాట ఇంకా లోతైన పాఠం చెబుతుంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట ఈ కళకు ఇప్పటికీ కాణాచి. అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఆటలో రామరావణ యుద్ధం భీకరంగా నడుస్తుండగా కేతిగాడూ బంగారక్కా ఊడిపడతారు. బూతు సరసాలాడతారు, ఊరి పెద్దలను ఎత్తిపొడుస్తారు, పోతారు. మళ్లీ యుద్ధం. రసభంగమని ఎవరూ లేచిపోరు. మెక్‌బెత్‌లో హత్య జరిగిన మరుక్షణం తాగిన వాకిలికాపరి తలుపు తీస్తూ బూతు జోకులేస్తే, శుచిగా పెరిగిన విమర్శకులు దాన్ని చాలాకాలం చీదరించుకున్నారు. హామ్లెట్‌లో గోతులు తవ్వేవాళ్లు పుర్రెలు విసురుతూ పాడితే మొహం ముడుచుకున్నారు. కేతిగాడిని చూసిన కంటికి ఇందులో వింతేమీ లేదు. నవ్వొచ్చి వెళ్లాక ఏడుపు మరింత గట్టిగా తగులుతుంది. అయితే కేతిగాడితో చిక్కు కూడా ఉంది. జనం నవ్వుతున్నారని వాడు అక్కడే తిష్ఠ వేస్తాడు. రాసిచ్చిన మాటకు మించి హాస్యగాడు మాట్లాడకూడదని హామ్లెట్ నటులకు గట్టిగా చెబుతాడు. షేక్స్‌పియర్ బృందంలోని పేరున్న హాస్యనటుడు విల్ కెంప్ 1599 ప్రాంతంలోనే బయటికి పోయాడు. ఆ మందలింపు ఎవరికో ఊహించుకునే స్వేచ్ఛ మనకుంది.

చరిత్ర కూడా నా వాదానికే సాక్ష్యం చెబుతుంది. వావిలాల వాసుదేవశాస్త్రి జూలియస్ సీజర్‌ను ‘సీజరు చరిత్రము’గా తెలుగు చేశారు. వీరేశలింగంగారు ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ నాటకాన్ని ‘చమత్కార రత్నావళి’ చేశారు. ఇవన్నీ 1870లు, 80ల నాటి సంగతులు. వాటిలో పుస్తకంగా మిగిలిందే ఎక్కువ. నాటకం బతికింది బళ్లారిలో. ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదినీ సభ పెట్టారు, కోలాచలం శ్రీనివాసరావు వైపు సుమనోరమ సభ నిలిచింది. రామకృష్ణమాచార్యులు షేక్స్‌పియర్ నాటకాన్ని పట్టుకొచ్చి తర్జుమా చేసి ఊరుకోలేదు. దాని విషాదాంతాన్ని తీసుకుని మన సారంగధర కథలో నాటి ‘విషాద సారంగధర’ రాశారు. ఆ బృందం 1891లో మద్రాసుకు పోయి ఆడితే, ఆ తెలుగు నాటకాలు చూసి ఉత్సాహపడ్డ పమ్మల్ సంబంధ మొదలియార్ ఆ ఏడే తమిళానికి సుగుణ విలాస సభ స్థాపించారు. ఇటు మైసూరు వైపు మెక్‌బెత్ 1895లో శ్రీకంఠేశగౌడ చేతిలో ‘ప్రతాపరుద్రదేవ’ అయింది. మన తుమకూరు జిల్లాలోనే గుబ్బి కంపెనీ 1884లో పుట్టింది. బళ్లారి ఒకవైపు, గుబ్బి ఒకవైపు, మధ్యలో మూడు దిక్కులా పాత అనంతపురం జిల్లా ఊళ్లు చుట్టుకున్న పావగడ. నాటకం విషయంలో ఈ తాలూకాను ఎవరైనా మూల అంటే నాకు నవ్వొస్తుంది.

ఇక అసలు పరీక్ష. వింటే అర్థమవుతుంది సరే, అర్థమైనదాంతో పనేముంది? రాజుల గొడవలు వర్షాధారం మీద వేరుశనగ వేసుకునేవాడికెందుకు? ఈ ఆక్షేపణకు జవాబుగా లియర్ ఒక్కడు చాలు. ఎనభై దాటిన ముసలాయన, ముగ్గురు ఆడపిల్లలు. రాజ్యం పటం తెప్పించి, నా మీద ఎవరికెంత ప్రేమో చెప్పండి, దాన్నిబట్టి భాగాలేస్తానన్నాడు. పెద్దదీ నడిపిదీ నోరారా చెప్పారు. చిన్నది తన దగ్గర చెప్పడానికేమీ లేదంది. ఆ ‘ఏమీ లేదు’ అన్న మాటను తండ్రి తిప్పి అన్నాడు, కూతురు మళ్లీ అంది. నాటకమంతా ఆ మాట అక్కడక్కడా మోగుతూనే ఉంటుంది. పుస్తకంలో కళ్లు దాన్ని దాటిపోతాయి, చెవి దాటనివ్వదు. చిన్నదానికి వాటా పోయింది. ఆమెను అడగవచ్చిన ఇద్దరిలో ఒకడు కట్నం లేదని తెలిసి వెనక్కి తగ్గాడు, రెండోవాడు వట్టి చేతుల పిల్లనే చేసుకుపోయాడు. తండ్రి రాజన్న పేరూ నూరుమంది పరివారమూ ఉంచుకుని, నెలకొకరి ఇంట్లో ఉంటానన్నాడు. దీనికి మన పల్లెల్లో పేరుంది. వంతులు. పొలం పంచిచ్చిన తండ్రి ఒక నెల పెద్దోడి గడపలో, ఒక నెల చిన్నోడి గడపలో తింటాడు. లియర్‌ది వంతుల కూడు. ఆయన వెంటున్న విదూషకుడు, గుడ్డును రెండు ముక్కలు చేసి లోపలిది తినేసి పెంకులు పంచినట్టు కిరీటాన్ని పంచావని దెప్పుతాడు. పక్క కథలో గ్లాస్టర్ అనే ప్రభువు కొడుకొకడు దొంగ ఉత్తరం పుట్టించి అన్న భూమి కాజేయాలని చూస్తాడు. సివిల్ కోర్టు ఆవరణలో ఒక పూట కూర్చున్నవాడికి ఈ కథలో టిప్పణి అక్కరలేని చోట్లే ఎక్కువ.

ఈ తాలూకాలో దానికి ఇంకో పొర కలిసింది. తిరుమణి, వళ్లూరు, బాలసముద్ర, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామాల్లో సుమారు 13,000 ఎకరాలు సోలార్ పార్కు కిందికి పోయాయి. మొదటి విడత 2018 మార్చిలో మొదలై, మొత్తం 2,050 మెగావాట్లకు చేరింది. భూమి అమ్మలేదు, గుత్తకిచ్చారు. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు, 28 ఏళ్ల గడువు. కరువు నేలలో అది చిన్న డబ్బు కాదు, దాన్ని తప్పుపట్టడానికి నేను రాలేదు. లియర్ చదివినవాడికి మాత్రం ఒక ప్రశ్న తగులుతుంది. పహణీలో పేరుండి, చేను చేతిలో లేనివాడు ఏమవుతాడు? పేరుకూ అధికారానికీ మధ్య ఉన్న ఆ సందులోనే షేక్స్‌పియర్ అయిదంకాల నాటకం కట్టాడు. రైతు లియర్ కాడు. లియర్ ప్రేమ కొలిచి ఇచ్చాడు, రైతు దస్తావేజు చూసుకుని ఇచ్చాడు. తెలివి రైతుదే. కానీ తుపానులో తడుస్తూ ముసలిరాజు మొదటిసారిగా ఇల్లూవాకిలీ లేనివాళ్లను తలుచుకుని, ఇన్నాళ్లూ వీళ్లను పట్టించుకోలేదే అని నొచ్చుకునే ఘట్టం ఉంది. భూమి ఉన్నవాడికి గుత్త వస్తుంది. అదే భూమిలో కలుపు తీసిన కూలికి ఏ దస్తావేజులోనూ పేరుండదు. ఆ ఘట్టాన్ని ఈ నేల మీద వినడం వేరు, పరీక్ష హాల్లో రాయడం వేరు.

ఇలా మన బతుకుకు తగిలించుకుంటూ పోతే అసలు నాటకం చెడిపోదా అని శుద్ధవాదులు అడుగుతారు. అడగదగిన ప్రశ్నే. అయితే అసలన్నది ఎక్కడుంది? షేక్స్‌పియర్ కన్నా ముందే ‘లియర్’ పేరుతో ఒక పాత నాటకం ఉంది. దాన్ని 1594లో, ఎలిజబెత్ రాణి ఉండగానే ఆడారు. అందులో రాజు చివరికి రాజ్యం తిరిగి పొందుతాడు. షేక్స్‌పియర్ ఆ కథ తీసుకుని తండ్రినీ కూతుర్నీ ఇద్దర్నీ చంపాడు. ఇంగ్లీషు జనమే దాన్ని తట్టుకోలేకపోయారు. 1681లో నేహమ్ టేట్ సుఖాంతం చేసి తిరగరాస్తే నూటయాభై ఏళ్లకు పైగా ఆ మార్పుదే రాజ్యం. 1949లో తాడిపత్రి మనిషి కె.వి.రెడ్డి, వాహినీ వారికి ‘గుణసుందరి కథ’ తీశారు. ముగ్గురు కూతుళ్లూ తండ్రి ప్రశ్నా అలాగే ఉన్నాయి. ఆడదానికి భర్తే ముఖ్యమన్న చిన్నకూతురి మీద తండ్రికి కోపమొస్తుంది. తన ప్రేమలో సగం కట్టుకోబోయేవాడిదని లియర్ చిన్నకూతురు కార్డీలియా కూడా అంటుందని గుర్తుచేసుకోండి. ఆ తర్వాత సినిమా మహేంద్రమణి వెంటపడి జానపదంలోకి పోయి, సుఖంగా ముగుస్తుంది. షేక్స్‌పియర్‌ను పాడుచేశారని కొందరంటారు. తెలిసో తెలియకో వాళ్లు షేక్స్‌పియర్‌కు ముందున్న లియర్ దగ్గరికి వెళ్లారని నేనంటాను. తండ్రి మీద ఉప్పంత ప్రేమ ఉందన్న కూతురి కథ యూరప్‌లోనూ ఉంది, మన దేశంలోనూ ఉంది. ఇంతమంది చేతులు మారిన కథ ఒకరి సొత్తు ఎలా అవుతుంది? అయినా చివరి దృశ్యం విషయంలో నేను షేక్స్‌పియర్ పక్షమే. గుణసుందరి చూసి నవ్వుకుంటూ ఇంటికి పోవచ్చు, లియర్ చూస్తే ఆ రాత్రి అన్నం సహించదు. ఆ రెండూ కావాలి. ఒకటి రెండోదానికి దారి కావాలి.

దొరలు మన మీద రుద్దిన సాహిత్యమన్నది బలమైన ఆక్షేపణ. రుద్దిన మాట నిజం. మార్కుల కోసం, ఉద్యోగాల కోసం, మీ భాషలో ఇంతటిది లేదని చెప్పడం కోసం ఆ నాటకాలను వాడారు. కానీ సంకెల ఎవరు చేశారో, ఇనుము ఎవరు తవ్వారో వేర్వేరు లెక్కలు. గ్లోబ్ ముందు నిలబడ్డ పెన్నీ ప్రేక్షకుడికి ఇండియా అంటే మిరియాల వాసన తప్ప ఏమీ తెలియదు. పైగా మనవాళ్లు రుద్దినదాన్ని అలాగే నెత్తిన పెట్టుకోలేదు. పేర్లు మార్చారు, రాగాలు కట్టారు, మెక్‌బెత్‌ను ప్రతాపరుద్రుణ్ని చేశారు. అది దాస్యమైతే, రామాయణాన్ని తెలుగు చేయడమూ దాస్యమే అవ్వాలి. పాఠం వల్ల కూడా ప్రేమ పుడుతుంది, ఒప్పుకోవాలి. ఇక్కడికి దగ్గరి పెనుకొండలోనే, బాలుడైన పుట్టపర్తి నారాయణాచార్యులకు సబ్‌కలెక్టరు పిట్ దొర భార్య ఇంగ్లీషు సాహిత్యం చెప్పింది. ఆ పిల్లవాడు తర్వాత ‘శివతాండవం’ రాశాడు. పరీక్ష మధ్యలో లేని పాఠం అది. పాఠాన్ని చెడగొట్టేది పరీక్షేనన్న నా అనుమానానికి అదొక ఆధారం.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టే ఆక్షేపణ రాఘవగారి నుంచే వస్తుంది. పద్యం చెవికి ఇంపు, రాగం మన బలం అని నేనంటున్నాను. ఆయనేమో రాగాలాపనలు కట్టిపెట్టి భావం చూపండని పోరాడారు, ఆడవేషాలకు ఆడవాళ్లే రావాలన్నారు. ఆయన సభలో ఆయనకు ఎదురు మాట్లాడుతున్నానా? అనుకోను. వన్స్‌మోర్ కొట్టించుకోవడానికి శవం లేచి మళ్లీ పద్యం పాడే పద్ధతి మీద ఆయన కోపం. అర్థాన్ని మోసే పద్యం మీద కాదు. గాలిని చేతుల్తో కోయకండి, గొంతు చించుకోకండి, మాటకు తగ్గట్టు నటించండి అని హామ్లెట్ చెప్పేదీ ఇదే సంగతి. ఎలిజబెత్ కాలపు పద్యం పాడేది కాదు, మాట్లాడేది. మన చెవికి అలవాటైన పద్యం నుంచి రాగం కాస్త దించితే దాని దగ్గరికి వెళతాం. ఈ విషయంలో చెవి కొంచెం కొత్తగా నేర్చుకోవాల్సిందే. అంతా మనకు ముందే వచ్చునంటే అది గొప్పలు పోవడమవుతుంది.

తీరిక ఎక్కడుందన్నది చివరి ప్రశ్న, చిన్న ప్రశ్న కూడా. తుమకూరు వంద కిలోమీటర్లు, రెండు గంటల పైమాటే. ఆ బస్సులో జనం చెవుల్లో ఏదో ఒకటి మోగుతూనే ఉంది. నాటకమంతా ఒక్కసారి వినాలని ఎవరన్నారు? మనం హరిశ్చంద్ర మొత్తం వింటున్నామా? కాటిసీను వింటాం, మయసభ ఏకపాత్ర వింటాం. అలాగే ఒక సీను. ముందు కథ తెలుగులోనో కన్నడంలోనో తెలుసుకుని, ఇంగ్లీషులో ఆ సీను రెండుసార్లు వినాలి. అర్థం కాని మాట దగ్గర ఆగకూడదు, పుస్తకం ఆ తర్వాత తెరవాలి. ఊళ్లో కురుక్షేత్రం ఆడేవాళ్లు చేతి డబ్బు పెట్టి దుర్యోధనుడి వేషం కొనుక్కుని, పొలం పని అయ్యాక నెలల తరబడి హార్మోనియం మాస్టరు ముందు కూర్చుంటారు. నాటకం మీద అంత మోజున్న చోట, మొదటి గంట కొట్టడం ఆలస్యమైన రాత్రి పావుగంట సీనొకటి ఇమడదా?

ఏ సీనంటారా? లియర్ రెండో అంకం చివర. నూరుమంది పరివారంలో సగం తగ్గించిన పెద్దకూతురి మీద అలిగి ముసలాయన నడిపిదాని దగ్గరికి వస్తాడు. ఆమె ఇరవై అయిదుగురే చాలంటుంది. అయితే యాభై ఒప్పుకున్న పెద్దదానిది రెట్టింపు ప్రేమ కదా అని ఆయన ఇంకా ప్రేమను లెక్కల్లోనే కొలుస్తూ అటు తిరుగుతాడు. ఈలోగా పెద్దది పది ఎందుకు, అయిదు ఎందుకు అంటుంది, నడిపిది ఒక్కడైనా ఎందుకంటుంది. బయట ఉరుము మొదలవుతుంది. తెలుగులో ఆడినా కన్నడంలో ఆడినా ఇక్కడ హార్మోనియం ఊరుకోవాలి. కూతుళ్లు అరవకూడదు, కళ్లెర్ర చేయకూడదు. ఇంటి ఖర్చు రాసుకుంటూ మాట్లాడే ఆడవాళ్ల గొంతు చాలు. నూరు, యాభై, ఇరవై అయిదు, పది, అయిదు, ఒకటి. అంకె అంకెకూ మధ్య తండ్రి ముఖం చూడటానికి జనానికి కాస్త వ్యవధి ఇవ్వాలి.